మే నెల మబ్బుల్లో పిడుగు మబ్బును గుర్తుపట్టడం ఎలా?

ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో మే నెలాఖరు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పొద్దున పదింటికే ఎండ మాడుస్తుంది. మధ్యాహ్నానికి ఉక్కపోత. కల్లాల్లో వడ్లు, డాబాల మీద మిరపకాయలు ఎండుతుంటాయి. పటాన్‌చెరు వైపు షిఫ్టులకు వెళ్లేవాళ్లు బండ్లు తీస్తుంటారు. ఫోన్‌లో ‘ఉరుములు, మెరుపులతో వర్షం’ అని కనిపిస్తుంది. నిన్న కూడా అదే రాశారు, చుక్క పడలేదు. ‘ఇవాళ కూడా అంతేలే’ అనుకుంటారు చాలామంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

2024 మే 26 ఆదివారం సాయంత్రం తెలంగాణలో ఈదురుగాలులు, వాన పది మందికి పైగా ప్రాణాలు తీశాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలో నిర్మాణంలో ఉన్న షెడ్డు గోడ కూలి కూడా మనుషులు చనిపోయారు. వేసవి చివరి వానలో నీళ్ల కన్నా గాలి, పిడుగులతోనే భయం ఎక్కువ.

సూచనలోని మాటలకు లెక్క ఉంది

వాతావరణ శాఖ వాడే మాటలు ఊరికే రాసినవి కావు. ‘అక్కడక్కడా’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడొచ్చని. ‘కొన్ని చోట్ల’ అంటే సగం వరకు, ‘చాలా చోట్ల’ అంటే ముప్పావు వంతు వరకు. అంతకు మించితే ‘దాదాపు అన్ని చోట్ల’ అంటారు. కాబట్టి ‘అక్కడక్కడా’ అన్న రోజు జహీరాబాద్‌లో కురిసి ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో కురవకపోతే సూచన తప్పినట్టు కాదు. ‘భారీ వర్షం’ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు, ఆపైన.

రంగులు కూడా అంతే. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడాలి.

పొద్దున చూసిన సూచన రోజంతటికీ సరిపోదు. రాడార్‌లో మబ్బులను చూసి, వచ్చే రెండు మూడు గంటలకు జిల్లాలవారీగా ఇచ్చే తక్షణ హెచ్చరికలు వేరే ఉంటాయి. అవి ‘మౌసమ్’ యాప్‌లో దొరుకుతాయి. దగ్గర్లో పిడుగులు పడుతున్నాయా అన్నది ‘దామిని’ యాప్ చెబుతుంది.

ఆకాశంలో ఏం చూడాలి?

1802లో లండన్‌లో ల్యూక్ హోవర్డ్ అనే ఆయన మబ్బులకు ఆకారాన్ని బట్టి పేర్లు పెట్టాడు. ఆయన వృత్తి మందుల తయారీ. ఆ పద్ధతి పెరిగి ఇప్పుడు ముఖ్యమైన మబ్బులను పది రకాలుగా లెక్కిస్తున్నారు. వేసవి చివర ఇంటివాళ్లకు నాలుగు తెలిస్తే చాలు.

బాగా ఎత్తులో దూది పీచులా, గుర్రపు తోకలా కనిపించేవి సిర్రస్. వీటిలో ఉండేది మంచు కణాలు. వీటి నుంచి వాన నేల మీద పడదు.

గొర్రెల మందలా చిన్న చిన్న ముద్దలుగా పరుచుకునేవి ఆల్టోక్యుములస్. పొద్దున్నే ఇవి బురుజుల్లా పైకి లేస్తుంటే సాయంత్రం ఉరుముల వాన రావచ్చు.

అడుగు చదునుగా, పైన దూది కుప్పలా ఉండేవి క్యుములస్. చిన్నగా ఉన్నంతసేపు నీడే. కానీ మధ్యాహ్నం తర్వాత గోబీ పువ్వులా పైకి పొంగుతుంటే కన్నేసి ఉంచాలి.

ఆ పొంగు ఆగకపోతే అదే క్యుములోనింబస్, అంటే పిడుగు మబ్బు అవుతుంది. కాలిన నేల మీది వేడిగాలి సముద్రం వైపు నుంచి వచ్చిన తేమను పట్టుకుని వేగంగా పైకి లేస్తుంది. మబ్బు 12 కిలోమీటర్లు దాటి కూడా పెరుగుతుంది. లోపల మంచు కణాలు, వడగళ్లు ఒకదానికొకటి రాసుకుని విద్యుత్తు పుడుతుంది. పైభాగం కమ్మరి దాగలిలా పక్కలకు పరుచుకుని, అడుగు నల్లబడిందంటే మబ్బు ముదిరినట్టే. ఉక్కలో ఒక్కసారిగా చల్లగాలి కొట్టిందంటే దగ్గర్లో ఎక్కడో వాన దిగింది.

చినుకు కోసం ఆగొద్దు

వాన పడుతున్న చోటికి కిలోమీటర్ల దూరంలో కూడా పిడుగు పడుతుంది. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లలో దూరం తెలుస్తుంది. 30 సెకన్లలోపు వినిపిస్తే పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు. వెంటనే పక్కా ఇంట్లోకి గానీ, అద్దాలు మూసిన కారులోకి గానీ వెళ్లాలి. చెట్టు కింద నిలబడొద్దు. బండి మీద ఉన్నవాళ్లకు రక్షణ లేదు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. వడ్ల మీద టార్పాలిన్ కప్పాలంటే గోబీ పువ్వు పొంగుతున్నప్పుడే కప్పాలి, మెరుపులు మొదలయ్యాక కల్లానికి పరిగెత్తకూడదు.

ఈమధ్య బక్రీద్ కూడా ఈ రోజుల్లోనే వస్తోంది. 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. ఈద్గాలో నమాజు పొద్దున్నే అయిపోతుంది. ఇలాంటి మబ్బులు ఎక్కువగా కట్టేది మధ్యాహ్నం తర్వాత. మాంసం పంచడానికి, బంధువుల ఇళ్లకు పిల్లలను ఎక్కించుకుని బండ్ల మీద తిరిగేది సరిగ్గా అప్పుడే. ఆ రోజు బయల్దేరే ముందు ఫోన్ ఒకసారి, ఆకాశం ఒకసారి చూడాలి.

రుతుపవనాలు స్థిరపడ్డాక ఆకాశం తీరు మారుతుంది. బూడిద రంగు పొరల మబ్బు కమ్మి ముసురు పడుతుంది. అప్పుడు గొడుగు సరిపోతుంది. అప్పటిదాకా సాయంత్రం పూట పైకి పొంగే మబ్బును మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.