భయపెట్టే నవలను చివరిదాకా చదివించేది ఏమిటి?

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నవల ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడినప్పుడు పాఠకులు భయపడుతూనే తరువాతి సంచిక కోసం ఎదురుచూశారు. ఈ వైరుధ్యానికి కారణం మెదడు పనితీరులో ఉంది.

ఉత్కంఠభరితమైన సన్నివేశం చదువుతున్నప్పుడు శరీరం నిజమైన ప్రమాదాన్ని ఎదుర్కొన్నట్లే స్పందిస్తుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమరుస్తాయి. అదే సమయంలో ఇది కల్పన మాత్రమేనని వివేచన గుర్తుచేస్తుంది. సురక్షితంగా ఉన్నామన్న ఆ ఎరుకే భయాన్ని ఆస్వాదించనిస్తుంది. కథలో ముప్పు తొలగగానే కలిగే ఊరట ఆనందాన్ని మరింత పెంచుతుంది.

అయితే ఆ ఎరుక సడలితే భయం మూఢనమ్మకానికి దారితీయవచ్చు. ‘తులసిదళం’లో చేతబడి కథావస్తువు. తెలుగు రాష్ట్రాల్లో చేతబడి అనుమానంతో జరిగిన దాడులు, హత్యలు మాత్రం కల్పన కావు. అందుకే ఈ తరహా సాహిత్యాన్ని కథగానే చదవడం అవసరం.