మెట్టకు కంప్యూటర్ కొలువు

పత్తి చేలు, మిరప కల్లాలు, సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు... జగ్గయ్యపేట, నందిగామ అనగానే గుర్తొచ్చేవి ఇవే. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. హైదరాబాద్-విజయవాడ హైవే ఈ ఊళ్ల పక్కనుంచే పోతుంది. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ వెలిశాక చదువుకున్న పిల్లలూ అదే దారి పట్టారు. అంత మంచి రోడ్డున్నా కంప్యూటర్ కొలువు మాత్రం ఇటు రాలేదు. ఎందుకని?

రాయి కోసం... జనం కోసం

ఒక్కో పరిశ్రమది ఒక్కో అవసరం. సిమెంటుకు సున్నపురాయి కావాలి. అందుకే జయంతిపురం, ముక్త్యాలకు ఫ్యాక్టరీలొచ్చాయి. రాకెట్‌కు జనం లేని చోటు కావాలి. ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు సముద్రం ఉన్న శ్రీహరికోటను 1969లో అందుకే ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడ తొలి రాకెట్ ఎగిరింది. సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. దానికి రాయీ అక్కర్లేదు, ఖాళీ నేలా అక్కర్లేదు. నైపుణ్యమున్న మనుషులు కావాలి. వాళ్లేమో ఒక ఉద్యోగం పోతే ఇంకోటి దొరికే చోటే చూసుకుంటారు. కంపెనీలూ ఎయిర్‌పోర్టు పక్కకే మొగ్గుతాయి. హెచ్‌సీఎల్ గన్నవరం దగ్గరి కేసరపల్లికి వచ్చింది కానీ, నందిగామ దాకా రాలేదు.

పల్లెలో కుదిరింది

అలాగని పల్లెల్లో అసాధ్యమేమీ కాదు. సత్యం వ్యవస్థాపకుల కుటుంబానికి చెందిన బైర్రాజు ఫౌండేషన్ 2000 తర్వాతి దశకంలో గోదావరి జిల్లాల పల్లెల్లో ‘గ్రామ్‌ఐటీ’ పేరుతో బీపీవోలు పెట్టింది. ఊళ్లోని డిగ్రీ కుర్రాళ్లూ, అమ్మాయిలూ కంప్యూటర్ల ముందు కూర్చుని దూరాన ఉన్న ఆఫీసుల పని చేసిపెట్టారు. అయితే 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. ఒకే చెట్టు నీడను నమ్ముకుంటే ఏమవుతుందో తెలిసొచ్చింది.

తమిళనాడులోని తెన్‌కాశి దగ్గర జోహో మరో దారి చూపింది. 2011లో అక్కడ ఆఫీసు పెట్టింది. పనివాళ్లను నగరం నుంచి తేవడంతోనే సరిపెట్టుకోలేదు. ఇంటర్ స్థాయి చదువు పూర్తయిన పిల్లలకు స్టైపెండ్ ఇచ్చి నేర్పించి, ఉద్యోగంలోకి తీసుకునే బడి కూడా నడిపింది.

ముందు ఏం కావాలి?

మెట్టకైనా ఇదే దారి. అద్దాల మేడ ముందు కట్టి మనుషుల కోసం వెతికితే తాళమే మిగులుతుంది. మొదట శిక్షణ, నేర్చుకునే రోజుల్లో ఇల్లు గడిచేందుకు స్టైపెండ్, ఆగని కరెంటు, తెగని ఇంటర్నెట్, ఒకరికి నలుగురు ఖాతాదారులు... ఇవి ఉండాలి. మరీ ముఖ్యంగా, డేటా ఎంట్రీ దగ్గరే ఆగిపోకుండా ఏటేటా ఓ మెట్టు ఎక్కించే పని ఉండాలి. అది లేకపోతే ఊళ్లో ఉద్యోగం వచ్చినా పిల్లలు మళ్లీ హైదరాబాద్ బస్సే ఎక్కుతారు!