ఎగిరే కెమెరా - ఎదుటివారి ప్రశ్న

పూర్వం ఊరిని పైనుండి చూడాలంటే కొండ ఎక్కేవారు. కొండ లేని ఊళ్లో గుడి గోపురమో, ఎత్తైన మేడో ఆధారమయ్యేది. అక్కడి నుండి కనిపించేది కొంతమేర మాత్రమే. ఇళ్లు, వీధులు, చెరువు, పొలాలు అన్నీ ఒక్క పటంలాగా కనబడాలంటే విమానం ఎక్కవలసిందే. నేడు అరచేతిలో ఇమిడే చిన్న యంత్రం ఆ దృశ్యాన్ని చూపగలుగుతున్నది. దానినే డ్రోన్ అంటున్నారు.

సరదా కోసం కెమెరా డ్రోన్ ఎగరవేసేవారు పట్టణాలలోనే కాదు, పల్లెలలో కూడా కనిపిస్తున్నారు. నిండిన చెరువు, పండిన చేను, ఏటి ఒడ్డు, మంచు కప్పిన కొండ - ఇవన్నీ వారి కెమెరాకు అందుతున్నాయి. యంత్రాన్ని పైకి లేపడం, దింపడం కొద్ది రోజుల్లోనే అలవడుతుంది. కాని, దానిని చూసి కోపంతోనో భయంతోనో ఎదురు వచ్చి నిలదీసే అపరిచితునితో మాట్లాడటం అంత త్వరగా అలవడదు. నిజానికి అది కూడా డ్రోన్ విద్యలో ఒక భాగమే.

చిన్న డ్రోనుకు సాధారణంగా నాలుగు రెక్కలు ఉంటాయి. అవి నిమిషానికి వేలసార్లు తిరిగి యంత్రాన్ని గాలిలో నిలుపుతాయి. ఉపగ్రహాల నుండి వచ్చే సంకేతాల సహాయంతో అది తానున్న చోటును గుర్తించుకుంటుంది. నేలమీద ఉన్న మనిషి చేతిలోని రిమోటుతో దానిని నడుపుతాడు. కెమెరాకు కనిపించే దృశ్యం అతని ఫోను తెర మీదికి వస్తుంది. ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం ఉన్నది. డ్రోన్ ఏమి చూస్తున్నదో నడిపేవానికి తెలుసు. కింద ఉన్నవారికి తెలియదు. వారికి వినిపించేది తుమ్మెద రొద వంటి చప్పుడు, కనిపించేది తమ వైపే తిరిగినట్లున్న కన్ను. తగాదాలలో చాలావాటికి మూలం ఈ తేడాయే.

ఎదుటివారి అనుమానాలకు కారణాలు అనేకం. మొదటిది ఇంటి మరుగు. పల్లెలో పెరటి స్నానాల గది మీద కప్పు ఉండకపోవచ్చు. పట్టణంలో ఆడవారు డాబా మీద బట్టలు ఆరవేసుకుంటారు, పిల్లలకు తలలు దువ్వుతారు. గోడ కట్టుకున్నవాడు వీధిలో నుండి వచ్చే చూపును ఆపగలడు గాని, ఆకాశం నుండి వచ్చే చూపును ఆపలేడు.

రెండవది భూమి. కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ అనే పథకాన్ని ప్రారంభించింది. దాని కింద గ్రామాలలోని నివాస స్థలాల హద్దులను సున్నంతో గుర్తించి, డ్రోన్లతో కొలిచారు. మహారాష్ట్ర, కర్ణాటక గ్రామాలు కూడా అందులో ఉన్నాయి. ఒకసారి అలా కొలత చూసిన రైతు, మరొకసారి డ్రోన్ కనబడగానే "మళ్లీ ఎవరు కొలుస్తున్నారు? నా హద్దు ఏమవుతుంది?" అని ఆందోళన పడటంలో వింత లేదు.

మూడవది పుకారు. 2025లో ఉత్తరప్రదేశ్‌లోని అనేక జిల్లాలలో, దొంగలు రాత్రివేళ డ్రోన్లు ఎగరవేసి ఇళ్లను గుర్తు పెట్టుకొని పోతున్నారనే వదంతి వ్యాపించింది. గ్రామస్థులు కర్రలు పట్టుకొని రాత్రంతా కాపలా కాశారు. దారిన పోయే అమాయకులు కూడా అనుమానానికి గురై దెబ్బలు తిన్నారు. భయపడిన గుంపు వివరణ వినేదాకా ఆగదు. కనుకనే డ్రోన్ నడిపేవాడు ఆ భయాన్ని తేలికగా తీసుకోకూడదు.

మరి ఆ కెమెరాకు నిజంగా ఎంత కనిపిస్తుంది? ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. సరదాకు వాడే చిన్న డ్రోనుకు సామాన్యంగా విశాలంగా చూసే కటకం ఉంటుంది. అది 100 మీటర్ల ఎత్తు నుండి నిటారుగా కిందికి చూస్తే దాదాపు 150 మీటర్ల వెడల్పు గల నేల ఒక చిత్రంలో పడుతుంది. ఆ చిత్రంలో అడ్డంగా 4,000 చుక్కలు ఉన్నాయనుకుంటే, ఒక మీటరు నేలకు సుమారు 27 చుక్కలు వస్తాయి. మనిషి ముఖం వెడల్పు 15 సెంటీమీటర్లు అనుకుంటే దానికి దక్కేది నాలుగు చుక్కలు. నాలుగు చుక్కలతో ఎవరినీ పోల్చుకోలేము. అదే డ్రోన్ 10 మీటర్ల ఎత్తుకు దిగితే ముఖానికి 40 చుక్కలు వస్తాయి. అప్పుడు మనిషిని పోల్చుకోవచ్చు. దూరపు వస్తువును దగ్గరగా చూపే కటకాలు గల డ్రోన్లు కూడా ఉన్నాయి. కాబట్టి ఎదుటివారి అనుమానం ఒక్కొక్కసారి పొరపాటే కావచ్చు, ఒక్కొక్కసారి పూర్తిగా నిజమే కావచ్చు. కింద నిలబడి అది ఏదో తేల్చుకోవడం వారికి సాధ్యం కాదు. అందుచేత చెప్పవలసిన బాధ్యత నడిపేవానిదే.

ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా పల్లెల్లో తెలుగు, తమిళం, కన్నడం మూడు భాషలూ వినిపిస్తాయి. అటువంటి ఒక పల్లెలో ఒక యువకుడు చెరువు గట్టున నిలబడి డ్రోన్ ఎగరవేస్తున్నాడు. అవతలి రేవులో ఆడవారు బట్టలు ఉతుకుతున్నారు. ఒక పెద్దాయన గట్టు మీదుగా వేగంగా వచ్చాడు.

"ఏం నాయనా, ఏం తీస్తా ఉండావు? రేవులో ఆడోళ్లు ఉండేది కనబడలేదా?"

"నేను వాళ్లను తీయడం లేదు. చెరువును తీస్తున్నాను. ఇక్కడ ఎగరవేయడానికి నాకు హక్కు ఉంది" అన్నాడు యువకుడు, తెర మీది నుండి చూపు తిప్పకుండా.

ఆ మాటల్లో అబద్ధం లేదు. అయినా పెద్దాయన కోపం రెట్టింపయింది. అతను అడిగింది హక్కు గురించి కాదు, తన ఇంటి ఆడవారి మర్యాద గురించి. పైగా తనతో మాట్లాడేవాడు తన ముఖం కూడా చూడలేదు. మరి నలుగురు పోగయ్యారు. ఇక ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు.

అదే యువకుడు మరో విధంగా నడుచుకొని ఉంటే ఎలా ఉండేది?

"ఒక్క నిమిషం తాతా, ముందు దీన్ని కిందికి దింపేస్తాను. తర్వాత అంతా చెబుతాను. మీరు కొంచెం ఇవతలకు రండి, రెక్కలు తగులుతాయి."

డ్రోన్ దిగింది. రెక్కలు ఆగాయి. యువకుడు రిమోటు పక్కన పెట్టి చేతులు జోడించాడు.

"తప్పు నాదే తాతా. రేవులో వాళ్లున్నారని చూసుకోకుండా లేపాను. చెరువు నిండింది కదా, దాన్ని తీద్దామని వచ్చాను. ఇదిగో, తీసిందంతా మీరే చూడండి. రేవు పడిన ముక్క ఉంటే మీ ఎదుటే తుడిచేస్తాను."

పెద్దాయన తెరలోకి తొంగి చూశాడు. "ఇది మన మర్రిమాను కదూ! మన చెరువు ఇంత పెద్దదా?" అన్నాడు. నిలదీయడానికి వచ్చిన మనిషి చెరువును చూసి సంతోషించాడు. రేవు ఖాళీ అయిన తరువాత ఎగరవేసుకోమని తానే చెప్పాడు.

ఈ రెండు సందర్భాలకు తేడా మాటతీరులో ఉన్నది. దానికంటే ముందు, చేసిన పనిలో ఉన్నది. రెండవసారి యువకుడు ముందుగా డ్రోన్‌ను దింపాడు. దీనికి మూడు కారణాలు ఉన్నాయి. గాలిలో యంత్రాన్ని ఉంచి మాట్లాడితే కన్ను ఒకచోట, మనసు మరొకచోట ఉండి ప్రమాదం జరుగుతుంది. తిరిగే రెక్కలు వేళ్లను కోయగలవు. కెమెరా పైన ఉన్నంతసేపు ఎదుటివారి మనసు కుదుటపడదు. దింపే చోట జనం నిలబడి ఉంటే వారిని దూరంగా జరగమనాలి. లేదా ఎవరూ లేని మరొక ఖాళీ స్థలంలో దింపాలి. మనుషుల తలల మీదుగా మాత్రం తేకూడదు.

ఆ తరువాత చెప్పవలసినవి నాలుగే మాటలు: తాను ఎవరు, ఎక్కడి నుండి వచ్చాడు, ఏమి తీస్తున్నాడు, ఎందుకు తీస్తున్నాడు. అడగక ముందే తెర చూపడం మంచిది. ఎదుటివారి భాషలో మాట్లాడగలిగితే మరీ మంచిది. పొరుగు రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ సౌకర్యం పుట్టుకతోనే ఉన్నది. కన్నడంలో "క్షమిసి", తమిళంలో "మన్నిచ్చిడుంగ", మరాఠీలో "మాఫ్ కరా", ఒడియాలో "క్షమా కరిబె" అనే ఒక్క మాట సగం కోపాన్ని చల్లార్చగలదు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే పిల్లవాడు ఇద్దరి మధ్య వారధి కాగలడు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. మన దేశంలో డ్రోన్ నియమాలు 2021 ఆగస్టు 25న వెలువడ్డాయి. వాటి ప్రకారం 250 గ్రాములకు మించని వాటిని నానో డ్రోన్లు అంటారు. అంతకు మించి 2 కిలోల వరకు ఉన్నవి మైక్రో డ్రోన్లు. నానో డ్రోన్లకూ, వ్యాపారానికి కాక సొంతానికి వాడే మైక్రో డ్రోన్లకూ నడిపేవారి ధ్రువపత్రం అవసరం లేదని ఆ నియమాలు చెప్పాయి. ఆకాశాన్ని పటంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించారు. ఆకుపచ్చ మండలంలో 120 మీటర్ల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. విమానాశ్రయం హద్దు నుండి 8 నుండి 12 కిలోమీటర్ల దూరంలో మాత్రం ఈ వెసులుబాటు 60 మీటర్ల వరకే. ఎరుపు మండలంలో ఎగరవేయాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. భద్రతా కారణాల వల్ల పోలీసు అధికారులు ఏదైనా ప్రాంతాన్ని తాత్కాలికంగా ఎరుపు మండలంగా ప్రకటించవచ్చు. కాబట్టి నిన్న ఎగరవేసిన చోటనే నేడు ఎగరవేయకూడని పరిస్థితి రావచ్చు. బయలుదేరే ముందు పటం చూసుకోవడం అందుకే అవసరం.

ఆకాశానికి సంబంధించిన నియమాలు ఒక ఎత్తు, మనిషి మర్యాదకు సంబంధించిన చట్టం మరొక ఎత్తు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులోని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పుడు దొంగచాటుగా చూడటం, చిత్రించడం 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం కూడా నేరమే. డ్రోన్ బరువు 250 గ్రాములు దాటలేదనే కారణంతో ఈ నేరం నుండి తప్పించుకోలేరు. అనుమతి అక్కరలేని చోట కూడా మర్యాద అక్కరలేని చోటు ఉండదు.

బాధ్యత ఒక వైపువారిది మాత్రమే కాదు. డ్రోన్ కనబడగానే రాయి విసరడం, రిమోటు లాక్కోవడం, నడిపేవానిపై చేయి చేసుకోవడం తప్పు. దెబ్బ తిన్న యంత్రం కింద ఉన్న పసిపిల్లల మీదనే పడవచ్చు. ఒకరి వస్తువును పగులగొట్టడం, ఒకరిని కొట్టడం చట్టరీత్యా నేరాలు. అనుమానం కలిగినవారు నడిపేవాడు ఎక్కడ ఉన్నాడో చూసి మర్యాదగా అడగాలి. సమాధానం తృప్తిగా లేకపోతే పోలీసులకు తెలపాలి.

ఎంత నెమ్మదిగా మాట్లాడినా కొందరి కోపం చల్లారదు. అప్పుడు వాదించి గెలవాలని చూడటం తెలివితక్కువ. యంత్రాన్ని సంచిలో పెట్టి అక్కడి నుండి వెళ్లిపోవడమే సరైన పని. ఎదుటివారి కోపాన్ని ఫోనులో చిత్రిస్తూ నిలబడితే అది మరింత పెరుగుతుంది. ఎవరైనా బలవంతంగా లాక్కుంటే పెనుగులాడకుండా 112 నంబరుకు ఫోను చేయాలి. వస్తువు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. పోలీసులు వచ్చి అడిగితే, అపరిచితునికి చెప్పినంత ఓపికగానే వారికి కూడా చెప్పి, ఉన్న కాగితాలు చూపాలి.

అన్నిటికంటే మంచి ఉపాయం తగాదా పుట్టకుండా చూసుకోవడం. ఊరిలో నలుగురు కూర్చునే రచ్చబండ దగ్గర ముందుగా ఒక మాట చెప్పాలి. పొలం పైన ఎగరవేయాలంటే రైతును అడగాలి. రేవులు, పెరళ్లు, డాబాల వైపు కెమెరా తిప్పకూడదు. పక్షులు గూళ్లు కట్టే చెట్లకు, మేసే పశువులకు దూరంగా ఉండాలి. రాత్రివేళ ఎగరవేయకూడదు. పక్కన ఒక తోడు ఉండాలి. నడిపేవాడు డ్రోన్‌ను చూస్తుంటే, తోడు వచ్చినవాడు వచ్చిపోయేవారికి సమాధానం చెబుతాడు. విద్యార్థులైతే తప్పనిసరిగా పెద్దల సమక్షంలోనే ఎగరవేయాలి.

చెరువు అందరిదీ. దాని అందాన్ని చూడాలనుకోవడం తప్పు కాదు. రేవులో దిగిన ఆడమనిషికి తన మరుగు తనకు ఉండాలనుకోవడం కూడా తప్పు కాదు. ఈ రెండు కోరికలూ ఒకే గట్టు మీద ఎదురుపడినప్పుడు, ముందుగా తగ్గవలసినది చేతిలో యంత్రం ఉన్నవాడు. ఎందుకంటే పైనుండి చూసే వీలు అతనికి మాత్రమే ఉన్నది. అతడు డ్రోన్‌ను నేలకు దించి, ఎదుటి మనిషి కళ్లలోకి చూసి మాట్లాడిననాడు, నిలదీయడానికి వచ్చినవారే పక్కన నిలబడి తమ ఊరి అందాన్ని చూసి ఆనందిస్తారు.