రైఫిలుకు వేరొక తూటా

దుమ్ముగూడెం నుండి గోదావరి వెంట దిగువకు పోయినచో రంప మన్యపు కొండలు ఎదురగును. ఆ కొండల వరుసలోనే చింతపల్లి పోలీసు ఠాణాను 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన అనుచరులతో పట్టుకొనెను. తరువాతి రెండు దినములలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు కూడ ఆయనకు చిక్కినవి. మూడింటిలో దొరికినవి 26 తుపాకులు, 2500 తూటాలు. వీనిలో తూటాల లెక్కయే ముఖ్యమని చెప్పవచ్చును. తనకు తగిన తూటా లేని తుపాకి ఒక ఇనుపకఱ్ఱ మాత్రమే.

ఈ సంగతి ప్రభుత్వమునకు బాగుగా తెలియును. బ్రిటిషు పాలనలోనే బెంగాలునందలి ఇషాపూరు ఫ్యాక్టరీలో కొన్ని 303 రైఫిళ్లను 410 మస్కెట్లుగా మార్చి పోలీసులకు, కావలివారికి ఇచ్చిరి. గొట్టములోని మరలు తీసివేసి నున్నగా చేసిరి. మాగజైను చోట కొయ్యముక్క బిగించి, ఒక్కొక్క తూటాయే పట్టునట్లు చేసిరి. అనగా ఇక్కడ బలమైన తుపాకిని బలహీనమైన తూటాకు మార్చినారు. ఇది సులభము. దీనికి విరుద్ధమైన పని, అనగా మరింత బలమైన తూటాకు మార్చుట, సులభము కాదు. ఎందుచేత?

తూటాలో నాలుగు భాగములుండును: దెబ్బకు మండు టోపీ, మందు, వానిని పట్టియుంచు ఇత్తడి కోశము, ముందు గుండు. మందు మండగానే పుట్టిన వాయువు గుండును ముందుకు నెట్టినట్లే కోశమును వెనుకకు నెట్టును. ఆ నెట్టుడును ఆపవలసినది బోల్టు. అది తలుపు గడియ వంటిది.

ఆ నెట్టుడు ఎంతయో విద్యార్థులు లెక్కింపవచ్చును. 303 తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనము చదరపు సెంటీమీటరుకు సుమారు 3,700 కిలోగ్రాములు. కోశపు అడుగు వ్యాసము 11.7 మిల్లీమీటర్లు. వైశాల్యముతో గుణించినచో బోల్టుపై పడు బరువు సుమారు 4 టన్నులు. 7.62 మిల్లీమీటర్ల తూటాకు పీడనము 4,200, వ్యాసము 11.9. బరువు 4.7 టన్నులకు చేరును. ఇత్తడి గోడల మందము, రాపిడి కొంత తగ్గించును గాని, రెంటికిగల తేడా పోదు.

లీ-ఎన్‌ఫీల్డు రైఫిలులో మరియొక చిక్కు కలదు. మౌజరు రైఫిలులో బోల్టును పట్టు చెవులు తూటాకు సమీపమున, ముందువైపున ఉండును. దీనిలో అవి వెనుకనున్నవి. అందుచేత పేల్చిన ప్రతిసారి బోల్టు పొడవునా నొక్కుకొనును, దానిని మోయు ఉక్కు ఒడలు రవంత సాగును. ఉక్కు బలహీనమైనచో అది మరల యథాస్థితికి రాదు. క్రమముగా తూటా వెనుక సందు ఏర్పడును. కోశము ఆ సందులోకి సాగి చిట్లును. మండుచున్న వాయువు పేల్చువాని ముఖము మీదికే రావచ్చును.

కొలత చూచు చోటు కూడ మారును. 303 తూటాకు అడుగున వెలుపలికి పొడుచుకొని వచ్చిన అంచు కలదు. అంచే దానిని నిలుపును. 7.62 తూటాకు అట్టి అంచు లేదు. అది తన భుజముపై ఆనును. కోశము 56 మిల్లీమీటర్లకు బదులు 51 మాత్రమే.

1962 చైనా యుద్ధానంతరము మన సైన్యము 7.62 తూటావైపు మరలుచుండగా, ఇషాపూరు వారు 1963 ప్రాంతమున 2ఏ రైఫిలును తయారుచేసిరి. చూచువానికి అది పాత 303 వలెనే కనబడును. కాని పాత తుపాకులకు గొట్టము మార్చి సరిపెట్టలేదు. ఒడలిని కొత్తగా, మరింత మేలైన ఉక్కుతో చేసిరి. అంచులేని తూటాను లాగుటకు కొక్కెము మార్చిరి. 12 తూటాలు పట్టు నలుచదరపు మాగజైను అమర్చిరి. బ్రిటనులో మాత్రము దృఢతరమైన నంబరు 4 రైఫిళ్లనే మార్చి 1970లో ఎల్42ఏ1 అను తుపాకిని సైన్యమునకిచ్చిరి. ఇట్టి పని ఇండ్లలో, కొలిమిలో చేయదగినది కాదు. మన 1959 ఆయుధ చట్టము కూడ అనుమతి లేని మార్పును నిషేధించినది.

గుండు మారినచో దాని దారియు మారును. 303 గుండు 11.3 గ్రాములు, సెకనుకు 744 మీటర్లు, 7.62 గుండు 9.5 గ్రాములు, సుమారు 840 మీటర్లు. కనుక గురి పట్టీపై అంకెలును మార్చవలసివచ్చెను. పాత పట్టీలో 2000 వరకు అంకెలుండెడివి; తరువాతి 2ఏ1 రకములో 800 మీటర్లతో ఆపిరి. రెండువేల గజముల దూరమున నున్నవానిని మామూలు సిపాయి ఏనాడు కొట్టినాడు గనుక!