తోలు సంచీయా, ప్లాస్టిక్ సంచీయా?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మూడేళ్ళ కిందట మా అమ్మాయి కాలేజీలో చేరినప్పుడు ముచ్చటపడి ఒక తోలు హ్యాండ్‌బ్యాగు కొనిచ్చాను. అది విప్పి చూసి, "అమ్మా, ఇది గొడ్డు తోలు. ఒక ప్రాణిని చంపి తీసిందాన్ని భుజాన తగిలించుకు తిరగమంటావా?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ సంచీ బీరువాలోకి వెళ్ళిపోయింది. మా అమ్మాయి తను దాచుకున్న డబ్బుతో 'వీగన్ లెదర్' అని వేరే బ్యాగు కొనుక్కుంది. ఏ ప్రాణినీ హింసించని తోలట! ధర మాత్రం నేను కొన్నదానికి ఏమీ తీసిపోలేదు.

రెండు వానాకాలాలు గడిచాయో లేదో, ఆ కొత్త బ్యాగు మీది పూత పొరలు పొరలుగా వూడడం మొదలెట్టింది. మా వీధి మలుపులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వేళ్ళతో నలిపి చూసి, "ఇది తోలు కాదమ్మా, గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. సూది దింపితే చిరుగుతుందే గాని కుట్టు ఆగదు" అన్నారు. బీరువాలో బూజు పట్టిన తోలు సంచీని కూడా చూపించాను. దాన్ని తుడిచి, నూనె రాసి, జిప్పు మార్చి ఇచ్చారు. "ఇంకో పదేళ్ళు చూసుకోనక్కర్లేదమ్మా" అన్నారు.

ఇంటికొచ్చి నేను గెలిచాననుకున్నాను. కాని నాలుగు పుస్తకాలు చదివి, తెలిసినవాళ్ళని అడిగి చూస్తే, మా తల్లీకూతుళ్ళిద్దరికీ సగం సగమే తెలుసునని అర్థమైంది. ఆ తెలుసుకున్నదే ఇవాళ మీతో చెప్పుకుందామని.

మా అమ్మమ్మగారి వూళ్ళో మోట బావి వుండేది. ఎడ్లను తోలుతుంటే పెద్ద తోలు బొక్కెన నిండా నీళ్ళు పైకి వచ్చేవి. ఆ బొక్కెనా, తాతగారి కిర్రు చెప్పులూ అన్నీ వూరి మాదిగవాడలో తయారైనవే. పశువు చస్తే వాళ్ళే వచ్చి తీసుకెళ్ళేవారు. తోలు వొలిచి, సున్నపు నీళ్ళలో నానేసి, తంగేడు చెక్క రసంలో వూరబెట్టి పదును చేసేవారు. పంట నూర్చాక ఇంత అని మేర గింజలు కొలిచేవాళ్ళం. ఆ బొక్కెన తోడిన నీళ్ళతో పండిన అన్నం అందరం తిన్నాం. ఆ బొక్కెన కుట్టిన మనిషిని మాత్రం మంచినీళ్ళ బావి గట్టు ఎక్కనివ్వలేదు. తోలు విషయంలో నీతి మాట్లాడదలచుకుంటే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి. తోలు వస్తువు వాడుకున్నవాళ్ళకి అంటని మైల, తోలు పని చేసినవాళ్ళకే ఎందుకు అంటింది చెప్పండి!

సరే, తోలు ఎలా తయారవుతుందో చూద్దాం. పచ్చి తోలు అలాగే వుంచితే కొద్ది గంటల్లోనే కుళ్ళడం మొదలెడుతుంది. అందుకని వొలిచిన వెంటనే, మనం మాగాయ ముక్కలకి పట్టించినట్టు, ఉప్పు పట్టిస్తారు. తోలు బరువులో దాదాపు సగం దాకా ఉప్పు పడుతుంది. టానరీకి చేరాక ఆ ఉప్పంతా నీళ్ళలో కడిగేస్తారు. తర్వాత వెంట్రుకలు వూడిరావడానికి సున్నమూ, సోడియం సల్ఫైడూ వేస్తారు. ఆ పైన అసలు పని, పదును చేయడం.

కరక్కాయ ముక్క కొరికితే నాలుక బిగదీసుకుపోతుంది కదూ? ఆ వగరే తోలును కుళ్ళకుండా కాపాడేది. అది తోలులోని మాంసకృత్తుల్ని పట్టి బిగిస్తుంది. కరక్కాయలోనూ, తుమ్మ చెక్కలోనూ, మనం బతుకమ్మలో పేర్చుకునే తంగేడు చెట్టు బెరడులోనూ ఈ వగరు దండిగా వుంది. తంగేడు చెక్కతో పదును చేసిన మద్రాసు తోళ్ళు ఒకప్పుడు ఓడలెక్కి ఇంగ్లండు వెళ్ళేవి. అయితే ఈ పద్ధతిలో పని వారాల తరబడి సాగుతుంది.

19వ శతాబ్దం చివర అమెరికాలో క్రోమియం లవణాలతో పదును చేసే పద్ధతి వచ్చింది. వారాల పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. తోలు మెత్తగా, పల్చగా, కోరిన రంగులో వస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఆయన మద్రాసులో ఈ పద్ధతిని ప్రయోగించి చూశాడు. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే తోలులో ఎనభై శాతానికి పైగా క్రోమియంతో పదును చేసినదే. మీ కాలి చెప్పూ, మావారి బెల్టూ చాలావరకు అవే.

ఇక ఖర్చు చూడండి. డబ్బు ఖర్చు కాదు, నేల మీదా నీటి మీదా పడే ఖర్చు. కిలో పచ్చి తోలు పదును చేయడానికి 30, 40 లీటర్ల నీళ్ళు కావాలి. వెయ్యి కిలోల పచ్చి తోలు పెడితే చివరికి చేతికొచ్చే తోలు 200 నుంచి 250 కిలోలు. మిగిలినదంతా కొవ్వూ, వెంట్రుకలూ, తుక్కూ, బురదే. మామూలు పద్ధతిలో వేసిన క్రోమియంలో మూడోవంతు దాకా తోలుకి పట్టకుండా నీళ్ళలో పోతుంది. ఈ నీళ్ళన్నీ శుభ్రం చేయకుండా వదిలేస్తే ఎక్కడికి వెళతాయి?

పాలారు నదిలోకి వెళ్ళాయి. కర్ణాటకలో పుట్టి, మన కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులో ప్రవేశించే నది అది. దాని ఒడ్డునే వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట వంటి తోళ్ళ పరిశ్రమ వూళ్ళున్నాయి. వెల్లూరు పౌరుల సంఘం ఒకటి సుప్రీం కోర్టుకెక్కితే 1996 ఆగస్టులో తీర్పు వచ్చింది. తోళ్ళ పరిశ్రమ వున్న ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో సేద్యానికి పనికిరాకుండా పోయిందని ఆ తీర్పులో వుంది. దిండిగల్ వైపు 13 వూళ్ళలో 467 బావుల్ని పరిశీలిస్తే 350 బావులు చెడిపోయివున్నాయి. ఆడవాళ్ళూ, పిల్లలూ మంచినీళ్ళకోసం మైళ్ళు నడుస్తున్నారని కూడా అందులో రాశారు. బిందె మోసిన చెయ్యి ఎవరిదో చూశారా? పాడుచేసినవాడే బాగుచేయించే ఖర్చు భరించాలన్న సూత్రం ఆ తీర్పుతో మనదేశంలో స్థిరపడింది. తర్వాత చాలాచోట్ల మురుగునీటిని శుద్ధిచేసే వుమ్మడి కేంద్రాలు వెలిశాయి. అయినా కథ అంతటితో ముగియలేదు. 2015 జనవరి చివర రాణిపేటలో అలాంటి కేంద్రంలోని బురద తొట్టి గోడ కూలి, పక్కన నిద్రపోతున్న 10 మంది కార్మికులు ఆ బురదలో చనిపోయారు. 2025 జనవరిలో సుప్రీం కోర్టు మళ్ళీ పాలారు విషయమై, నష్టపోయినవాళ్ళకి పరిహారం ఇమ్మని చెప్పవలసివచ్చింది.

క్రోమియం అనగానే చెప్పులు విసిరేయకండి. పదును చేయడానికి వాడే క్రోమియం మూడో రకం, అంత విషం కాదు. ఆరో రకం క్రోమియం మాత్రం కేన్సరు కారకం. తయారీ సరిగా లేకపోయినా, తోలు తుక్కును కాల్చినా మొదటిది రెండోదిగా మారే ప్రమాదం వుంది. అందుకే ఐరోపా దేశాలవాళ్ళు 2015 నుంచి, వొంటికి తగిలే తోలు వస్తువుల్లో కిలోకి 3 మిల్లీగ్రాములు, అంతకు మించి ఆరో రకం వుంటే అమ్మనివ్వరు. పాత చెప్పుల్ని చెత్తతో కలిపి తగలబెట్టే అలవాటు మనమూ మానుకోవాలి.

ఈ పరిశ్రమను బాగుచేయడానికి పాటుపడిన మనవాడొకాయన వున్నారు. డాక్టరు యలవర్తి నాయుడమ్మగారు. నాటి గుంటూరు జిల్లా యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టి, అందరూ ముక్కు మూసుకునే తోలు విద్యను కోరి చదివారు. మద్రాసులో 1948లో నెలకొన్న కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకు 1958లో డైరెక్టరయ్యారు. 1985 జూన్‌లో కనిష్క విమాన ప్రమాదంలో పోయారు. నీళ్ళలో పోయే క్రోమియాన్ని తిరిగి రాబట్టే పద్ధతులు, ఉప్పూ సున్నమూ తగ్గించే పద్ధతులు ఆ సంస్థ నుంచి వచ్చినవే. కాబట్టి దారి లేక కాదు. చవకగా కావాలనే మన తొందర కూడా ఆ దారికి అడ్డం.

మరి మా అమ్మాయి అడిగిన హింస మాటేమిటి? అది కొట్టిపారేసే ప్రశ్న కాదు. మనదేశంలో ఎక్కువగా వాడేవి గేదె, మేక, గొర్రె తోళ్ళు. వాటిని ప్రధానంగా మాంసం కోసమే కోస్తారు, తోలు దాని వెంట వచ్చేది. తోలు వాడకపోతే ఆ తోలు కుళ్ళి పారేయవలసిందే అని కొందరంటారు. నిజమే గాని, తోలుకి వచ్చే డబ్బు కూడా ఆ బేరంలో కలిసేదే కదా! గాంధీగారు ఈ ముడిని తనదైన పద్ధతిలో విప్పుకున్నారు. దక్షిణాఫ్రికాలో స్వయంగా చెప్పులు కుట్టిన ఆయన, తనంత తాను చచ్చిన పశువు తోలు మాత్రమే వాడాలన్నారు. వార్ధా దగ్గర నాల్వాడిలో అలాంటి తోళ్ళ కేంద్రం నడిచింది. ఒకరి మనసు తోలు ముట్టుకోవడానికి ఒప్పుకోకపోతే అది గౌరవించవలసిన మనసు. మా అమ్మాయిని నేను ఇక వెక్కిరించను.

కాని ఆ మనసుని అడ్డం పెట్టుకుని వ్యాపారం చేసేవాళ్ళ సంగతి తెలుసుకోవాలి. వెనక మనం రెక్సిన్ అనేవాళ్ళం. గుడ్డ మీద పీవీసీ పూత. ఇవాళ్టి వాటిలో ఎక్కువ పాలియురేథేను పూత. రెండూ పెట్రోలు నూనె సంతతే. పాలియురేథేను మన గాలి చెమ్మకి కొన్నేళ్ళలో విరిగి పొలుసులు రాలుతుంది. ఆ పొలుసులు మట్టిలో కలిసిపోవు. పీవీసీని కాలిస్తే వచ్చే పొగ మహా విషం. ప్రాణిని చంపలేదన్న మాట నిజమే. కాలవలో చేపకీ, చెత్తకుప్ప మీద మేసే ఆవుకీ మాత్రం అది దయ చూపించదు.

కొత్తగా అనాస ఆకుల నారతో, మెక్సికోలో బ్రహ్మజెముడు జాతి మొక్కలతో, పుట్టగొడుగుల వేరుపోగులతో, కాన్పూరులో గుళ్ళో వాడేసిన పూలతో కూడా తోలులాంటివి చేస్తున్నారు. మంచి ప్రయత్నాలే. కాని వీటిలో చాలావాటికి గట్టితనం కోసం పైనో లోపలో ప్లాస్టిక్ కలుపుతున్నారు. ఎంత కలిపారో అడగందే చెప్పరు. తోలు వైపూ చిక్కులున్నాయి. ఆ పశువు తిన్న మేత, అది విడిచే మీథేను వాయువు మాంసం లెక్కలో వేయాలా తోలు లెక్కలో వేయాలా అని శాస్త్రజ్ఞులే వాదించుకుంటున్నారు. చెట్టు చెక్కతో చేసిన తోలు కూడా మురుగు లేకుండా తయారవదు.

ఇన్ని విన్నాక ఏం చెయ్యమంటావ్ అంటారు. ఇల్లాలికి పనికొచ్చే లెక్క ఒకటే వుంది. ఒక వస్తువు తయారీలో నేలకీ నీటికీ జరిగిన నష్టాన్ని, అది మన ఇంట్లో ఎన్నేళ్ళు పనిచేసిందో దానితో భాగించండి. పదిహేనేళ్ళు వాడిన తోలు సంచీ, రెండేళ్ళకోసారి పారేసే ఏడెనిమిది ప్లాస్టిక్ సంచీల కంటే నయం. మోజు తీరగానే అటక మీద పడేసిన తోలు సంచీ అన్నిటికంటే దండగ. తోలు వద్దనుకునేవాళ్ళకి గట్టి గుడ్డ సంచీ, జనపనార సంచీ వుండనే వున్నాయి. తోలు వేషం వేసుకున్న ప్లాస్టిక్ అక్కర్లేదు.

కొనేటప్పుడు అంచు చూడండి. తోలైతే అంచు పీచుపీచుగా వుంటుంది, వెనక గుడ్డ నేత కనిపించదు. కొన్ని చెప్పుల అడుగున బొమ్మ గుర్తులుంటాయి. పరిచిన తోలు ఆకారం వుంటే తోలు, డైమన్ ముక్క ఆకారం వుంటే ఇతర పదార్థం. ఇక వాడేటప్పుడు, తడిసిన తోలుని ఎండలో గాని పొయ్యి దగ్గర గాని ఆరబెట్టకండి, బిరుసెక్కి పగులుతుంది. నీడన గాలికి ఆరనివ్వండి. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లో మూటగట్టకండి, బూజు పడుతుంది. పాత గుడ్డలో చుట్టి, మధ్య మధ్య తీసి తుడవండి. మన పెద్దలు కిర్రు చెప్పులకి ఆముదం పట్టించేవారు గుర్తుందా? అదే సూత్రం.

చివరగా ఒక్క మాట. తెగిన చెప్పు పట్టుకుని వెళ్ళినప్పుడు ఆ కుట్టే మనిషితో అయిదు రూపాయల దగ్గర బేరమాడకండి. మన వస్తువు ఆయుర్దాయం ఆయన సూది మొన మీద వుంది. ఆయన ఒక చెప్పు కుట్టినప్పుడల్లా ఎక్కడో ఒక కొత్త జత తయారవడం తప్పుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఒప్పందం కుదిరింది. మా అమ్మాయి ఖద్దరు సంచీతో కాలేజీకి వెళుతోంది. ఆ తోలు సంచీ నేను వాడుతున్నాను. రెండోది కొనను. ఆ పొలుసులు రాలే బ్యాగు మాత్రం ఏం చెయ్యాలో తెలియక ఇంకా అటక మీదే వుంది. పారేసినా అది ఎక్కడికీ పోదు కదా మరి!