వట్టి సంఖ్యయు పెట్టెలోని సంఖ్యయు

కంప్యూటరుకు పని నేర్పు విద్య తొలినాళ్లలో పెద్ద కళాశాలలకును పరిశోధనాలయములకును పరిమితమై యుండెను. నేడు ఉన్నతపాఠశాలల బాలబాలికలును జావా మొదలగు భాషలయందు చిన్నచిన్న ప్రోగ్రాములను వ్రాయుచున్నారు. మార్కుల పట్టిక, హాజరు లెక్క, పుస్తకముల జాబితా, ఇట్టివే వారు మొదట వ్రాయునవి. ఈ ప్రోగ్రాములలో ఒక సూక్ష్మమైన చిక్కు దాగియున్నది. అది చూపునకు స్వల్పము. కాని యజాగ్రత్త వహించినచో సమానముగ మార్కులు తెచ్చుకొన్న ఇద్దఱిలో నొకరిని వెనుకకు నెట్టివేయగలది. కావున దానిని మన విద్యార్థులకు విశదపఱుపనెంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా అవసర మెట్టిదో చూతము. పుస్తకముల పేర్లను వరుసగ నుంచు పద్ధతియు, మార్కులను వరుసగ నుంచు పద్ధతియు నొక్కటియే. రెండింటిని పోల్చి, ఏది ముందుండవలెనో నిర్ణయించి, స్థానములు మార్చవలెను. పోల్చబడునది యేదైనను పని మారదు. అట్టిచో పుస్తకములకొక ప్రోగ్రాము, మార్కులకొకటి, తేదీలకొకటి వేఱువేఱుగ వ్రాయుట వృథాశ్రమ. అంతియకాదు, ఒకదానిలోని తప్పును దిద్ది తక్కినవానిలో దిద్ద మఱచు ప్రమాదమును గలదు. ఏ జాతి దత్తాంశమునకైనను వర్తించునట్లు పద్ధతిని ఒక్కమాఱే వ్రాసియుంచుటకు జనరిక్ ప్రోగ్రామింగ్ అని పేరు. అలెగ్జాండర్ స్టెపనోవ్, డేవిడ్ ముసర్ అను విద్వాంసులు ఈ మార్గమునకు పునాదులు వేసినవారిలో ముఖ్యులు. స్టెపనోవ్, మెంగ్ లీ అనువారు కూర్చిన ప్రోగ్రాముల భాండాగారము 1994లో అంగీకారము పొంది, 1998లో వెలువడిన సి ప్లస్ ప్లస్ భాషా ప్రమాణమున భాగమయ్యెను.

చిక్కు ఎచ్చట పుట్టుచున్న దనగా, అనేక భాషలలో దత్తాంశము రెండు తెగలుగ నున్నది. జావాలో మొదటి తెగకు మూలజాతులని చెప్పవచ్చును. అవి యెనిమిది: పూర్ణసంఖ్యలకు నాలుగు, దశాంశసంఖ్యలకు రెండు, అక్షరమునకొకటి, ఔను కాదు అనుటకొకటి. వీనిలో ఇంట్ అనునది మిక్కిలి వాడుకలోనిది. అది నాలుగు బైట్ల స్థలములో ఇముడును. ఆ స్థలములో నుండునది విలువయే, మఱేమియు లేదు. రెండవ తెగ వస్తువులు, అనగా ఆబ్జెక్టులు. వస్తువు మెమరీలో నెచ్చటనో యుండును. మన చేతిలో నుండునది దాని స్థానమును దెలుపు చీటి మాత్రమే.

ఈ భేదము మన పరిసరములనుండియే తేటపడును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి కొలువున నుండిన ఆల్బర్టు ఆబిద్ పేర వెలసిన ఆబిడ్సులో జనరల్ పోస్టాఫీసు గలదు. మన దేశపు తపాలాశాఖ 1880లో మనీయార్డరు పద్ధతిని చేపట్టెను. ఆ పద్ధతిలో కుమారుడు ఆబిడ్సులో నూఱు రూపాయలు కట్టినచో నెల్లూరులోని తల్లికి పోస్టుమాను నూఱు రూపాయలు తెచ్చి యిచ్చెడివాడు. ఇచ్చట కట్టిన నోట్లే యచ్చటికి పోయెడివి కావు. విలువ చేరెడిది, అంతే చాలును. పార్సెలు సంగతి యట్లు కాదు. కుమారుడు తల్లికి పంపిన చీరకు బదులుగ అదే వెలగల మఱియొక చీరను ఇచ్చినచో ఆమె యొప్పుకొనదు. ఆ చీరయే చేరవలెను. మూలజాతి సంఖ్య మనీయార్డరు వంటిది. దానికి విలువయే గాని వ్యక్తిత్వము లేదు. వస్తువు పార్సెలు వంటిది. దానికి విలువయు నున్నది, ‘అదియే యిది’ అను గుర్తింపును ఉన్నది.

ఇక రెండింటిని ఒక్కతీరున నెట్లు చూడవలెను? దీనికి నాంపల్లి మార్గము చూపును. 1907లో నిర్మితమైన నాంపల్లి రైలుస్టేషనులో దిగిన ప్రయాణికుని ఊహించుకొనుడు. రైల్వేవారి క్లోక్‌రూములలో తాళము వేసిన సామానునే తీసికొనుట నియమము. విడిగా గుప్పెడు నాణెములు తెచ్చి దాచుమన్నచో గుమాస్తా దాచడు. ఆ నాణెములనే పెట్టెలో నుంచి తాళము వేసి తెచ్చినచో పుచ్చుకొని చీటి యిచ్చును. లోపల నున్నవి నాణెములో, బట్టలో, పుస్తకములో యతనికి పనిలేదు. అన్నియు పెట్టెలే, అన్నింటికిని చీటీలే. జావా భాష సరిగా నిట్లే చేసినది. ఇంట్ అను వట్టి సంఖ్యను ఇంటీజర్ అను వస్తువులో పెట్టి యిచ్చుటకు బాక్సింగ్, అనగా పెట్టెలో నుంచుట, అని పేరు. తిరిగి తీయుటకు అన్‌బాక్సింగ్ అని పేరు.

ఈ యేర్పాటు ఒక్కనాట కలిగినది కాదు. జేమ్స్ గాస్లింగ్ మొదలగువారు రూపొందించిన జావాను సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో ప్రకటించెను. లెక్కలు వేగముగ సాగుటకై వారు మూలజాతులను వేఱుగ నుంచిరి. 1998లో వచ్చిన కూర్పులో జాబితాలు మొదలగు సామాన్య సాధనములు చేరెను. అవి వస్తువులను మాత్రమే పట్టును. కావున మార్కులను జాబితాలో నుంచవలెనన్న ప్రోగ్రాము వ్రాయువాడే ప్రతి సంఖ్యను పెట్టెలో పెట్టి, తీయునపుడు ‘ఇది సంఖ్య’ యని చెప్పి, పెట్టె విప్పవలసి యుండెను. మార్కుల నడుమ పొరపాటున నొక పేరు చేరినచో ప్రోగ్రాము నడచునపుడే గాని బయటపడెడిది కాదు.

1998లోనే గిలాడ్ బ్రాచా, మార్టిన్ ఒడెర్స్కీ, డేవిడ్ స్టౌటమైర్, ఫిలిప్ వాడ్లర్ అను నలుగురు ఈ లోపమును దీర్చు పద్ధతిని ప్రతిపాదించిరి. అది యాధారముగ 2004లో వచ్చిన అయిదవ కూర్పులో జనరిక్ జాతులు చేర్పబడెను. ‘ఇది ఇంటీజర్ల జాబితా’ యని ముందే ప్రకటించినచో, పేరును చేర్పబోవువానిని కంపైలరే యడ్డగించును. పెట్టెలో పెట్టుట, తీయుట అను పనులను గూడ నా కూర్పునుండి కంపైలరే తనంతట చేయసాగెను. అయితే తనిఖీ ముగిసిన పిమ్మట ఆ ‘ఇంటీజర్ల’ యను గుర్తును కంపైలరు చెఱిపివేయును. పాత ప్రోగ్రాములు క్రొత్తవానితో కలసి నడువవలెనను నుద్దేశముతో నిట్లు చేసిరి. గుర్తు చెఱిగిన జాబితా యెల్ల వస్తువులను ఒక్కటిగ చూచును. వస్తువు కానిదానికి అందు చోటు లేదు. ఇంట్‌ల జాబితా జావాలో లేక ఇంటీజర్ల జాబితా మాత్రమే యుండుటకు కారణ మిదియే.

పెట్టెలో పెట్టు పని కనబడకుండ జరుగుచున్నందున సౌకర్యము హెచ్చినది. దానితోడనే ప్రమాదములును వచ్చినవి. వానిలో ముఖ్యమైన వానిని చెప్పెదము.

మొదటిది సమానత్వము. ఇద్దఱు విద్యార్థులకు ఆఱువందలకు 540 చొప్పున వచ్చినవనుకొనుడు. ఆ మొత్తములు ఇంటీజర్ల జాబితాలో నున్నవి. ప్రోగ్రాము వ్రాసినవాడు జంట సమానచిహ్నముతో ఆ రెండింటిని పోల్చెను. జావాలో వట్టి సంఖ్యల నడుమ ఆ చిహ్నము విలువలను పోల్చును. వస్తువుల నడుమ చీటీలను మాత్రమే పోల్చును. క్లోక్‌రూములో ఇద్దఱు నూఱేసి రూపాయలు దాచి, ఒకరు ఏడవ చీటిని, ఒకరు ఎనిమిదవ చీటిని పొందిరి. చీటీల నంబర్లు వేఱు గాన సొమ్ము వేఱనుట యెట్టిదో యిదియు నట్టిదే. ప్రోగ్రాము ‘సమానము కాదు’ అని చెప్పును. ఒక బిడ్డకు రెండవ స్థానము, అవే మార్కులు గల మఱియొక బిడ్డకు మూడవ స్థానము వచ్చును.

ఇందులో మఱింత మోసకరమైన దొకటి గలదు. మైనస్ 128 మొదలు 127 వఱకు గల సంఖ్యలకు జావా ముందుగనే సిద్ధపఱచిన పెట్టెలను వాడవలెనని నియమము. 95 అడిగిన వారందఱికి ఒకే పెట్టె, ఒకే చీటి. ఆ హద్దు దాటిన సంఖ్యలకు సాధారణముగ ప్రతిమాఱు క్రొత్త పెట్టె తయారగును. ఫలితమేమనగా, నూటికి వేసిన మార్కులతో పరీక్షించినపుడు ప్రోగ్రాము తప్పులేక నడచును. సంవత్సరాంతమున మొత్తములు చేర్చినపుడు తప్పు చెప్పును. చిన్న పరీక్షలో నెగ్గినదని పెద్ద పనికి నమ్మరాదు. విలువలను పోల్చుటకు ఈక్వల్స్ అను పద్ధతిని వాడవలెను, లేదా ముందు పెట్టె విప్పి పోల్చవలెను.

రెండవది శూన్యచీటి. జ్వరముచే పరీక్షకు రాని విద్యార్థికి ఏమి వ్రాయవలెను? సున్న వ్రాయరాదు, సున్న యనగా పరీక్ష వ్రాసి యేమియు సంపాదింపలేదని యర్థము. ఇంట్ అనుదానిలో ‘లేదు’ అని చెప్పుటకు వీలులేదు. ఇంటీజర్ అయినచో నల్, అనగా శూన్యచీటి, నుంచవచ్చును. ఇది పెట్టెవలన గలిగిన లాభము. కాని యా జాబితాను కూడబోవునపుడు కంపైలరు తనంతట పెట్టె విప్పబోవును. పెట్టెయే లేదు గాన ప్రోగ్రాము దోషము జూపి నిలిచిపోవును. ఇది విసుగు గొల్పినను మేలే. రాని బిడ్డను సున్నగ లెక్కించి మౌనముగ ముందుకు సాగు ప్రోగ్రాముకంటె ఆగిపోయి చెప్పు ప్రోగ్రాము మంచిది. రాని వారిని ముందుగ గుర్తించి వేఱు చేయుట వ్రాయువాని విధి.

మూడవది తొలగింపు. ఇంటీజర్ల జాబితాలో రోలు నంబర్లున్నవి. మూడవ నంబరువాడు బడి మానెను. ‘3ను తీసివేయుము’ అని వట్టి సంఖ్యతో నాజ్ఞాపించినచో జావా దానిని స్థానముగ గ్రహించును. స్థానములు సున్ననుండి మొదలగును గాన నాలుగవ చోటనున్న నంబరు తొలగిపోవును. మూడవ నంబరునే తీయవలెనన్న 3ను స్పష్టముగ పెట్టెలో పెట్టి యీయవలెను. వట్టి 3, పెట్టెలోని 3 ఒక్కటే యని తలచినవాడు ఒక నిర్దోషిని బడినుండి పంపివేయును.

నాలుగవది వ్యయము. వట్టి ఇంట్‌కు 4 బైట్లు. నేటి సాధారణపు జావా యంత్రములలో ఇంటీజర్ వస్తువునకు 16 బైట్లు, దాని చీటికి మఱి నాలుగు. పది లక్షల సంఖ్యలకు వట్టి వరుసలో 40 లక్షల బైట్లు చాలును. పెట్టెల జాబితాకు రెండు కోట్లు పట్టును. అదిగాక ప్రతి విలువకై చీటి ననుసరించి వేఱుచోటికి పోవలెను. ఒక తరగతి మార్కులకు ఈ భేదము లెక్కలోనిది కాదు. రాష్ట్రమంతటి పరీక్షాఫలితములకు లెక్కలోనిదే.

ఇతర భాషలవారు వేఱు మార్గములు త్రొక్కిరి. సి ప్లస్ ప్లస్ భాషలో కంపైలరు ప్రతి జాతికి తగిన వేఱు ప్రతిని తానే తయారు చేయును. పెట్టె అక్కఱలేదు, వేగము తగ్గదు. కాని ప్రతులు హెచ్చి ప్రోగ్రాము పెరుగును. సి షార్ప్ భాషకు ఆండ్రూ కెనెడీ, డాన్ సైమ్ అనువారు వేసిన పథకము 2005 నాటి కూర్పులో వాడుకకు వచ్చెను. అందు జాతిగుర్తు చెఱుపబడదు. వస్తువులన్నింటికి ఒకే ప్రతి సరిపోవును. మూలసంఖ్యలకు మాత్రము తగిన ప్రతి వేఱుగ తయారగును. అంతకు పూర్వమే, 1970లలో జిరాక్స్ పరిశోధనాలయమున పుట్టిన స్మాల్‌టాక్ భాష సంఖ్యలను గూడ వస్తువులుగనే భావించినది. అయితే చిన్న సంఖ్యలను చీటిమీదనే వ్రాసి, అది చీటియో సంఖ్యయో తెలుపుటకొక గుర్తు నుంచెడి యుపాయమును దాని నిర్మాతలు వాడిరి. జావాలోను పెట్టె భారము లేకయే వస్తువు సౌకర్యము పొందుటకు 2014లో వల్‌హల్లా యను పేర ప్రయత్న మారంభమయ్యెను.

విద్యార్థులారా, పై విషయమునుండి కొన్ని నియమములు గ్రహింపుడు. సంఖ్యల సమూహము పెద్దదై, అన్నిటికిని విలువ యున్నచో వట్టి వరుసనే వాడుడు. సామాన్య సాధనములు కావలసినపుడును, ‘లేదు’ అని చెప్పవలసినపుడును పెట్టె వాడుడు. పెట్టెలను చీటీలతో పోల్చకుడు. 127కు లోపల నొకమాఱు, పైన నొకమాఱు, శూన్యచీటితో నొకమాఱు ప్రోగ్రామును పరీక్షింపుడు.

అన్నిటిని ఒక్కతీరున చూచుట మంచి నియమమే. దానివలన శ్రమ తగ్గును, తప్పులు తగ్గును. కాని పైపెట్టెలు ఒక్కతీరున నున్నంతమాత్రమున లోపలి వస్తువులను మఱచిపోరాదు. మీ ప్రోగ్రాము చివర అచ్చగు ప్రతి సంఖ్యయు ఒక బిడ్డ యేడాది శ్రమ. దానిని సరిగా చదువుట మీ బాధ్యత.