ఈస్ట్రోజెన్ రిసెప్టర్ డీఎన్‌ఏను ఎక్కడ పట్టుకుంటుంది? అపోహలు – వాస్తవాలు

రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈస్ట్రోజెన్ రిసెప్టర్ అనే ప్రోటీన్ అండతో పెరుగుతాయి. హార్మోన్ తగలగానే అది డీఎన్‌ఏను పట్టుకుని కొన్ని జన్యువుల జోరు పెంచుతుంది, కొన్నింటిని అణచిపెడుతుంది. ఆ పట్టు స్థానాలను తేల్చేందుకు కణాలను ఫార్మాల్డిహైడ్‌తో బిగించి, డీఎన్‌ఏను చిన్న ముక్కలు చేస్తారు. రిసెప్టర్‌ను గుర్తుపట్టే యాంటీబాడీతో, దాన్ని అంటిపెట్టుకున్న ముక్కలను వేరుచేసి చదువుతారు. ఈ పద్ధతి పేరు చిప్-సీక్.

అపోహ: ప్రోటీన్ తాను నడిపించే జన్యువు మొదట్లోనే అతుక్కుంటుంది.
వాస్తవం: 2006లో ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలపై, చిప్-సీక్‌కు ముందుతరం పద్ధతిలో తయారైన పటంలో 3,665 స్థానాలు తేలాయి. వాటిలో జన్యువు మొదలుకు వెయ్యి డీఎన్‌ఏ అక్షరాల లోపు ఉన్నవి సుమారు 4 శాతమే. డీఎన్‌ఏ మెలిక తిరిగి దూరపు స్థానాన్ని జన్యువు చెంతకు చేరుస్తుంది. కాబట్టి పక్కనే ఉన్న జన్యువే లక్ష్యమని చెప్పలేం.

అపోహ: తగిన అక్షర క్రమం ఉన్న ప్రతిచోటా ప్రోటీన్ వాలుతుంది.
వాస్తవం: ఈ రిసెప్టర్‌కు ఇష్టమైన క్రమం జీజీటీసీఏ, ఏవైనా మూడక్షరాలు, ఆపైన టీజీఏసీసీ. జన్యురాశిలో అలాంటివి ఎన్నో ఉన్నా, చాలావరకు బిగుతుగా చుట్టుకుపోయిన డీఎన్‌ఏలో అందకుండా ఉంటాయి. ఫాక్స్‌ఏ1 అనే మరో ప్రోటీన్ ముందుగా దారి తెరుస్తుంది. దాన్ని తగ్గిస్తే రిసెప్టర్ పట్టు కూడా చాలాచోట్ల సడలిపోతుంది.

అపోహ: పటంలో శిఖరం కనిపిస్తే జన్యువు పనిచేస్తున్నట్టే.
వాస్తవం: శిఖరం అంటే చదివిన ముక్కలు ఎక్కువగా పోగుపడిన చోటు. అది చెప్పేది పట్టు గురించే, ఫలితం గురించి కాదు. పైగా అది లక్షల కణాల సగటు. యాంటీబాడీ నాసిరకమైతే లేని శిఖరాలూ పుట్టుకొస్తాయి. యాంటీబాడీ వాడని నమూనాతోనూ పోల్చి చూస్తారు. ఫలితం తేల్చేందుకు హార్మోన్ ఇచ్చినప్పుడు, ఇవ్వనప్పుడు జన్యువు నుంచి తయారయ్యే ఆర్ఎన్ఏ ఎంతో కొలుస్తారు. అనుమానమున్న స్థానాన్ని జన్యు కత్తెర లాంటి క్రిస్పర్‌తో తొలగించి, జన్యువులో మార్పు వస్తుందేమో పరీక్షిస్తారు.

అపోహ: ప్రయోగశాల కణాల పటం రోగులందరికీ వర్తిస్తుంది.
వాస్తవం: ఎంసీఎఫ్-7 కణాలు 1970లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక రోగి ఊపిరితిత్తుల చుట్టూ చేరిన ద్రవం నుంచి వచ్చాయి. రోగుల కణితులనే నేరుగా పరిశీలించిన 2012 నాటి అధ్యయనంలో, వ్యాధి ముదిరిన తీరును బట్టి పట్టు స్థానాలూ మారాయి.

అపోహ: బయాప్సీ రిపోర్టులోని ‘ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) పాజిటివ్’ ఈ పటం నుంచే వస్తుంది.
వాస్తవం: ఆ పరీక్షలో కణితి ముక్కకు రంగు పట్టించి, ఎంత శాతం క్యాన్సర్ కణాల కేంద్రకాల్లో రిసెప్టర్ ఉందో చూస్తారు. 1 శాతం, అంతకు మించి ఉంటే పాజిటివ్‌గా లెక్క. హార్మోన్ చికిత్స నిర్ణయానికి ఆధారం ఇదే. పట్టు స్థానాల పటం ప్రస్తుతానికి పరిశోధనకే పరిమితం.